తోక పట్టుకుని గోదారి

కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమని పెద్దలు తేల్చేశారు. వాళ్లెవరూ డాగ్ షో చూసినట్టు లేదు. మొన్న ఆదివారం మద్రాసులో మా బావమరిది ఒక చేత్తో తోక, ఇంకో చేత్తో గడ్డం పట్టుకుని ట్రోఫీ దాకా ఈదేశాడు.

కుక్క పేరు రాజా. జాతి రాజపాళయం. 2005లో తపాలా బిళ్లకెక్కిన నాలుగు దేశవాళీ జాతుల్లో అదొకటి. ఒళ్లు పాలతెలుపు, ముక్కు గులాబీ రంగు. మావాడిది మాత్రం కాస్త మజ్జిగ తెలుపు. అందుకని తెల్లవారకముందే రెండు డబ్బాల పౌడరు అద్దారు. ముక్కుకి మా చెల్లాయి లిప్‌స్టిక్.

గిట్టనివాళ్లు రూల్సు చదువుతారు. ఎఫ్‌సీఐ ఒప్పుకోదట. బియ్యం గోదాములది కాదండీ, 1911లో పుట్టిన అంతర్జాతీయ శునక సమాఖ్య. బొచ్చు, చర్మం, ముక్కు రంగు మార్చే సరుకేదీ పూయకూడదట. రింగు బయటినుంచి కుక్కని పిలవనూ కూడదట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఉన్నది ఈ చెన్నైలోనే కదా, భయం లేదా అంటారు. పెళ్లిచూపులకి పౌడరు రాయని ఇల్లొకటి చూపించండి, రాజా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మా చెల్లాయి రాజాని పిలవలేదు కూడా. తాడు అవతల నిలబడి, ఫోన్లో ఎవరితోనో అన్నట్టు, "రాజా ఇంటికొచ్చాక కోడి వండుతానమ్మా" అంది. జడ్జి విదేశీయుడు, తెలుగు రాదు. రాజా చెవులు నిక్కబొడుచుకున్నాయి. వెనక కుక్క చెవులూ లేచాయి. దాని యజమానిదీ నెల్లూరేనని అప్పుడు తెలిసింది.

ఇలాంటి ఆపదలకే జేబులో ఉడికించిన లివర్ ఉంటుంది. మావాడి వేళ్ల సందునుంచి ఒక ముక్క జారింది. జారిందనే అంటున్నాను. జడ్జి నడక చూసే ఘడియలోనే వెనక కుక్క తల దించి, గడ్డి నాకుతూ నిలబడిపోయింది. తర్వాత జడ్జి రాజా వీపు నిమిరి, తన అరచెయ్యి చూసుకున్నాడు. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. అప్పటికే పౌడర్లో సగం మావాడి నల్లకోటు మీద ఉంది.

ఫస్టు మాదే. రింగులో ఉన్నవి రెండే రాజపాళయాలన్న సంగతి అనవసరం.

ఇక క్రీడాస్ఫూర్తి అంటారా, మావాడే ముందు వెళ్లి చెయ్యి చాపాడు. "మీది మంచి కుక్కన్నా, ఇవాళెందుకో దాని మనసు ఇక్కడ లేదు" అన్నాడు. నెల్లూరాయన చెయ్యి కలపలేదు. కుక్క మాత్రం వచ్చి ఆ చేతిని మణికట్టు దాకా శుభ్రంగా నాకింది.