చెట్టు మనది, టేపు అడితి వాడిది

కెనడాలో ఎవరో అడవిలో దుంగ మీద దుంగ పేర్చుకుని ఒంటరిగా ఇల్లు కట్టేసిన వీడియో మా బావమరిది పంపాడు. "బావా, నువ్వూ ఇలాగే కట్టీ, సిమెంటు ఖర్చు మిగిలిపోద్ది" అని కింద ఒక ముక్క.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దుంగల గోడలు లేపితే మనకన్నా ముందు చెదలు గృహప్రవేశం చేస్తాయి. అక్కడ వాళ్లకి పైను, సెడార్ చెట్లు స్తంభాల్లా నిటారుగా దొరుకుతాయి. అయినా పచ్చి దుంగలు ఆరేకొద్దీ గోడ అంగుళాల లెక్కన కిందికి దిగుతుంది కాబట్టి కిటికీల మీద ఖాళీ వదిలి కట్టుకుంటారు. మన ఉప్పుగాలికి, తుఫానులకి ఇటుక గోడే సరైంది. దాని మీద నాకు వాదన లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆ మనిషిని చూస్తే కుళ్లుగా ఉంది. తన చెట్టుని తన ఎదురుగానే, తనకి కావలసిన మందంలో పలకలు కోసుకుంటున్నాడు. మనమేం చేస్తున్నాం? పెరట్లో పనస చెట్టు వంటచెరుకు ధరకి ఇచ్చేసి, అదే డబ్బుకి ఇంకొంత కలిపి ఎక్కడో పెరిగిన దిగుమతి కర్ర గుమ్మాలు కొనుక్కొస్తున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లు ఎన్ని కూలాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. చేవ దేరిన పనసలు కూడా పొయ్యిల్లోకి వెళ్లిపోయాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణ చెక్కేది ఆ పనస కర్రతోనే. వీణకి పనికొచ్చిన కర్ర గుమ్మానికి పనికిరాదా?

మా ఇంటి పని మొదలెట్టినప్పుడు టౌన్‌లో ఒక అడితి (కలప డిపో) ఆయన్ని పిలిచాను. దుంగ చుట్టూ టేపు పెట్టాడు, అదీ సన్నగా ఉన్న చివర, బిగించి మరీ. అడితి లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చుట్టుకొలతని నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణిస్తారు. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే 10 సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో ఉండేది 12.7 దాకా ఉంటుంది. ఆ తేడా కోతలో పోయే తరుగు కింద వదిలేది, పాత పద్ధతే, దానికి నేను ఏమీ అనను. కానీ కొలవాల్సింది దుంగ నడుమ. చివర కొలిచి నాలుగడుగుల్ని మూడున్నర చేస్తే 10 కాస్తా ఏడున్నర చిల్లరకి పడిపోతుంది. ఇంత చేసి చివరికి "పనస కదా బాబూ, ఎవులు కొంతారు" అన్నాడు. మా వడ్రంగి మావయ్య పక్కనే ఉన్నాడు. "కర్ర చూసి ధర చెప్తన్నావా, మా బాబు మొకం చూసి చెప్తన్నావా?" అని అడిగేశాడు. బేరం అక్కడితో సరి.

దుంగల్ని ట్రాక్టర్‌లో వేసుకుని కోత మిల్లుకి పోయాం. మొదటి కోతకి పనస విచ్చుకున్నప్పుడు లోపల పచ్చగా, పసుపు కొమ్ము విరిచినట్టే ఉంది. పచ్చి పనస జిగురుకి రంపం పట్టేస్తుంటే మిల్లు కుర్రాడు గుడ్డతో కిరోసిన్ రాస్తూ కోశాడు. మావయ్య ముందే సైజులు కాగితం మీద రాసి తెచ్చాడు. అంగుళం పలక కావాలంటే అంగుళం పావు కోయాలి, ఆరాక, చిత్రిక పట్టాక మిగిలేది అంగుళం. దుంగ నడిమధ్య భాగం గుమ్మానికి రానివ్వలేదు, పగులు మొదలయ్యేది అక్కడే. చేవ చుట్టూ ఉండే తెల్లకర్రని కూడా తీయించేశాడు, పురుగు దాన్నే తొలుస్తుంది. ఇవన్నీ మిల్లు దగ్గర నిలబడి చెప్పకపోతే వాళ్లకి ఏది సులువో అలా కోసేస్తారు. వాళ్ల తప్పేం లేదు, వెనక లైన్లో ఇంకా లోడు ఉంటుంది.

చైన్‌సాకి బిగించుకునే అలాస్కన్ మిల్లు కొంటే పోలా అని ఒక స్నేహితుడు అన్నాడు. దాని గొలుసు ఒక్కో కోతకి తొమ్మిది మిల్లీమీటర్లు తినేస్తుంది. మిల్లులో ఉండే పట్టీ రంపం, బ్యాండ్‌సా, తినేది రెండు మూడే. పది కోతలకి ఒక దాంట్లో మూడున్నర అంగుళాల కర్ర పొట్టయిపోతుంది, రెండో దాంట్లో అంగుళం. తాతల నాటి పనసని పొట్టు చేసుకోవడానికి నాకు మనసు రాదు.

ఇక ఆరబెట్టడం. అంగుళం మందానికి ఏడాది అని పెద్దల లెక్క. ఇటుకల మీద ఎత్తుగా, పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టి, బద్దలన్నీ ఒకే వరసలో వచ్చేలా పేర్చాలి. చివర్లకి పెయింటు పూయాలి, నీడ ఉండాలి, గాలి ఆడాలి. శంకుస్థాపన అయ్యాక కర్ర కోసం వెతికితే ముహూర్తం టెన్షన్‌లో పచ్చి కర్రే బిగిస్తారు, వానాకాలంలో తలుపు భుజంతో తోస్తే గానీ పడదు. పునాది కన్నా ముందు కోత అవ్వాలనే నేనంటాను.

కాగితాల గొడవ వేరే ఉంది. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, టేకు కదిలించాలంటే అటవీ శాఖ పర్మిట్, మిల్లుకి లైసెన్సు. మన్యం కొండల టేకు దొంగతనంగా దిగకుండా ఇవి ఉండాల్సిందే. కానీ ఒక్క చెట్టున్న రైతు ఈ తిరుగుడికి విసిగిపోయి అడితికే అప్పజెప్తాడు. కనీసం తుఫాను తర్వాతైనా, కూలిన చెట్టు దగ్గరకే వచ్చి కోసే బండి మిల్లుల్ని కొన్నాళ్లు అనుమతిస్తే ఏం పోయింది? తిత్లీ అప్పుడు దారులన్నీ చెట్లతో మూసుకుపోయాయి, దుంగ మిల్లుకి చేరే మార్గం ఎక్కడుంది?

డబ్బు మిగిలిందా అంటే, ట్రాక్టరు, కోత కూలి, మావయ్య కూలి పోను కొంత మిగిలింది, మరీ అంత కాదు. మందస, సోంపేట వైపు ఒక్క దుంగ తెచ్చినా కాదనకుండా, మనల్ని పక్కన నిలబెట్టుకుని కోసే మిల్లు తెలిస్తే ఊరు పేరు రాయండి. మా పిన్ని గారింట్లో ఒక వేప ఉంది.