ఆలస్యమంతా దరఖాస్తుల దగ్గరే జరగడం లేదు

ఉద్యోగం త్వరగా దొరకాలంటే వారానికి మరిన్ని దరఖాస్తులు పంపాలని ఉద్యోగ వేట గురించిన ఒక వ్యాసంలో చదివాను. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న మా బరంపురం తెలుగు పిల్లలకు ఆ సలహా సగం వరకే పనికొస్తుంది.

మా తమ్ముడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించాక 11 నెలలు ఖాళీగా ఉన్నాడు. అందులో 4 నెలలు ఒక సంస్థకు ఎంపికైన తరువాత పోయినవే. మన ఇళ్లలో రాసుకునే పద్ధతిలో మెట్రిక్ సర్టిఫికెట్‌పై ఇంటిపేరు ముందుండగా, ఆధార్‌లో అది చివరికి చేరింది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరమే మిగిలింది. ముగ్గురూ ఒక్కరేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్లు పట్టుకుని తిరుగుతుండగానే ఆ ఖాళీ మరొకరితో నిండిపోయింది. అమ్మ ఆ కాగితాలను ఇప్పటికీ బియ్యం డబ్బా మీద ప్లాస్టిక్ కవర్లో దాచి ఉంచింది.

కాబట్టి చివరి సంవత్సరం చదువుతుండగానే పేర్లు సరిచేయించుకోండి. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి గనుక, తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆ భాషా పరీక్షను నోటిఫికేషన్ వచ్చేదాకా వాయిదా వేయకూడదు. సరిహద్దు దాటి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వైపు వెళితే అక్కడి ఉద్యోగాల లెక్కలో మనం స్థానికేతరులం. ఈ సంగతి చాలామందికి దరఖాస్తు నింపే రోజునే తెలుస్తోంది. ఐటీఐ పిల్లలు మాత్రం 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణలో వెంటనే చేరడం మేలు. స్టైపెండ్ తక్కువే అయినా, అనుభవం ఉందా అన్న ప్రశ్నకు చూపడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.