మహారాజశ్రీ ఫ్రిజ్ గారి సముఖమునకు

మహారాజశ్రీ మా వంటింటి ఫ్రిజ్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ హాల్లో మేమందరం క్షేమం. అక్కడ వంటింట్లో, అంటే ఇక్కడికి పన్నెండు అడుగుల దూరంలో, మీరు కూడా గుర్రుగుర్రుమంటూ క్షేమంగానే ఉన్నట్టు వినపడుతోంది. పద్నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నాం, ఈ బెజవాడలోనే మూడు అద్దె ఇళ్ళు మారి మూడుసార్లూ నిన్ను నలుగురం కలిసి మెట్లెక్కించాం, కాబట్టి ఈ 'గారు', 'మీరు' ఇక్కడితో ఆపేస్తున్నాను. ఏమీ అనుకోకు. అనుకున్నా ఎలాగూ చల్లగానే ఉంటావు.

గొడవ నిమ్మకాయలతో మొదలైంది. ఆమధ్య ఒక ఆదివారం పులిహోర కలుపుతూ మా ఆవిడ "ఏవండీ, నాలుగు నిమ్మకాయలు ఇలా అందుకోండి" అంది. ఉన్నాయి. బుధవారం రైతుబజార్లో డజను నేనే కొన్నాను, బేరమాడి మరీ. నీ తలుపు తీశాను. ముందు దోసె పిండి గిన్నె, దాని మూత మీద పెరుగు గిన్నె, పెరుగు గిన్నె మూత మీద ఒక సాసరు, సాసరులో బోర్లా పెట్టిన సగం ఉల్లిపాయ. ఒకటి కదిపితే మూడూ జారతాయి. ఒక చేత్తో ఆ గోపురాన్ని పట్టుకుని, మోకాలితో తలుపు ఆపి, రెండో చెయ్యి లోపలికి పోనిస్తే ఐస్‌క్రీం డబ్బా తగిలింది. పక్కనే ఉన్న మా చిన్నోడు "ఐస్‌క్రీం!" అని ఒక్క గెంతు గెంతి మూత తీశాడు. చింతపండు గుజ్జు. వాడికి ఏడేళ్ళు. ఈ మోసం వాడికి ఇది నాలుగోసారి, అయినా ఆశ చావలేదు.

దాని వెనక అరచేతిలో పట్టేంత స్టీలు గిన్నె, మీద ప్లేటు. ప్లేటు తీస్తే రెండు గరిటెల దోసకాయ పప్పు. అంచులు ఎండి అట్టలు కట్టాయి, మధ్యలో నీళ్ళూరాయి, తాలింపులో ఎండుమిరపకాయ ఒక్కటీ మాత్రం నిన్నే వేసినట్టు నిగనిగలాడుతూ పడుకుని ఉంది. ఎప్పటిది ఇది? పప్పు చేసింది మంగళవారమా, అంతకు ముందు మంగళవారమా? ఇంట్లో ఐదుగురం ఉన్నాం, ఐదు తేదీలు చెప్పాం.

మా ఇంట్లో దీనికో విచారణ పద్ధతి ఉంది, నువ్వు చాలాసార్లు చూసే ఉంటావు. కేసు ముందు నా దగ్గరికొస్తుంది. నేను వాసన చూసి "బానే ఉన్నట్టుందే" అంటాను. మా ఆవిడ వాసన చూడకుండానే "పారెయ్యండి" అంటుంది. అప్పుడు అమ్మ లోపల్నుంచి వచ్చి, గిన్నె లాక్కుని, "కాస్త పులిసిందంతే. తినే వస్తువు పారేస్తార్రా ఎవరైనా? రాత్రికి నేను తింటాలే" అని తీర్పిస్తుంది. అమ్మకి షుగరు, బీపీ, ఆవిడకి ఆ పప్పు పెట్టే ధైర్యం మాకు లేదు. కాబట్టి అమ్మ తినదు, మేం పారెయ్యం, గిన్నె తిరిగి నీ లోపలికి. వాయిదా. నిమ్మకాయలంటావా, అవి గుడ్ల అరలో దొరికాయి. పదకొండింటికి పూర్తవ్వాల్సిన పులిహోర పన్నెండున్నరకి అయింది, అదీ ఒక డబ్బాడు మిగిలింది, దాన్ని ఎక్కడ పెట్టామో నీకు వేరే చెప్పక్కర్లేదు.

నీ అసలు ఉద్యోగం ఏమిటో నాకు ఆరోజే అర్థమైంది. తాజా పప్పు పారేస్తే పాపం. పాడైన పప్పు పారేస్తే శుభ్రత. ఈ రెంటికీ మధ్య ఓ వారం పది రోజులు ఆ పప్పుని ఎవరి కంటా పడకుండా దాచిపెట్టి, పాపాన్ని శుభ్రతగా మార్చి మాకు అప్పజెప్పడమే నువ్వు చేసే పని. అందుకే వండినవాటిని లోపల పెట్టినా మూడు నాలుగు రోజులకు మించి ఉంచొద్దని ఎంతమంది చెప్పినా మా చెవికెక్కదు. మూడో రోజు అది ఇంకా బాగుంటుంది కదా. బాగున్నది ఎలా పారేస్తాం?

అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఈ సమస్యే లేదట. పెరుగు, వెన్న పిల్లికి అందకుండా ఉట్టి మీద. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోస్తే పొద్దున్నకి చద్దన్నం, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద. అదీ కాగా మిగిలిన కూరా నారా, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ కుడితి తొట్లోకి. గేదె తాగేది, పాలిచ్చేది. ఎవరూ ఏదీ పారెయ్యలేదు, ఎవరి గుండెలోనూ ఏ బరువూ లేదు. 1958లో గోద్రెజ్ వాళ్ళు మన దేశంలో నీ ముత్తాతల్ని తయారుచేయడం మొదలుపెట్టినా, మా అమ్మ పుట్టింటికి అలాంటిది రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది, వచ్చాక కూడా అది హాల్లో టీవీ పక్కన, మీద అల్లిక గుడ్డ కప్పుకుని, తాళం వేసుకుని కూర్చుంది. అవును, తాళమే. అప్పట్లో మీ వాళ్ళకి తాళంచెవి ఇచ్చేవాళ్ళు, అది అమ్మమ్మ కొంగుకే ఉండేది. ఇప్పుడు మేమున్నది మూడో అంతస్తు. ఇక్కడ గేదె లేదు. ఆ పోస్టు నీకిచ్చాం. నువ్వు కుడితి తొట్టిలా అన్నీ పుచ్చుకుంటావు, కాకపోతే పాలివ్వవు, పైగా బిల్లు పంపిస్తావు.

నిన్ను బాగు చెయ్యాలని మేం ప్రయత్నించలేదని మాత్రం అనకు. సంక్రాంతి సెలవుల్లో మా ఆవిడా, నేనూ వీడియోలు చూశాం. ఆ ఫ్రిజ్‌లు ఎవరివో గానీ, ఒక డబ్బాలో స్ట్రాబెర్రీలు, ఒక డబ్బాలో ద్రాక్షపళ్ళు, ఒక డబ్బాలో కోసిన క్యారెట్, అన్నీ పక్కపక్కన క్లాసు ఫొటోలో పిల్లల్లా నిలబడి ఉంటాయి. వాటిల్లో దోసె పిండి ఉండదు. రేపు ఉదయానికని అంచుదాకా పోసి, రాత్రి పొంగి, మూతని పైకి లేపి, కింది అరలో ఉన్న మామిడికాయ పప్పులోకి బొట్లుబొట్లుగా దిగే పిండి వాళ్ళకి తెలియదు. అయినా ఆశపడి లోపలున్నది కనపడే ప్లాస్టిక్ డబ్బాలు పన్నెండు తెప్పించాం. ఖాళీ డబ్బాలు పేరిస్తేనే నువ్వు నిండిపోయావు. సరే అని ఆరు తీసి అటక మీద పడేశాం. మా పెద్దది స్కెచ్ పెన్నుతో అందంగా పేర్లు రాసి అంటించింది. నాలుగో రోజుకి 'కొత్తిమీర' డబ్బాలో కొబ్బరి చట్నీ ఉంది, 'పచ్చిమిర్చి' మీద తడి తగిలి 'చ్చిమిర్చి' మిగిలింది, 'మిగిలినవి' అని రాసిన డబ్బా ఒక్కటే తన పేరు నిలబెట్టుకుంది.

నీ తలుపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. నీలో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు ఆ తలుపు అరలే, తీసినప్పుడల్లా వంటింటి గాలి ముందు కొట్టేది వాటికే. మరి అక్కడే గుడ్ల గుంటలు, అక్కడే పాలు పట్టేంత పెద్ద అర పెట్టి నిన్ను తయారు చేసినవాళ్ళని ఏమనాలి? నీ నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి గానీ అవి డిగ్రీలు కావు, 4 మీద పెడితే నాలుగు డిగ్రీలు అనుకుని పద్నాలుగేళ్ళు బతికేశాను. మొన్న మేలో పంతం పట్టి థర్మామీటర్ కొని, గ్లాసు నీళ్ళలో వేసి ఒక రాత్రి పైఅరలో లోపలికి, ఇంకో రాత్రి తలుపులో పెట్టి చూశాను. లోపల 4. తలుపులో 10! నాలుగైదు డిగ్రీల లోపు ఉండాల్సిన పాలు రోజూ అక్కడే నిలబెట్టి, సాయంత్రానికి విరిగిపోతే పాలవాడిని తిట్టుకున్నాం. వెళ్ళి క్షమాపణ చెప్పలేదు గానీ మనసులో అనుకున్నాను. ఇప్పుడు పాలు లోపల ఉంటున్నాయి. తలుపు అరల్లో నిమ్మకాయలు, పిజ్జాతో వచ్చిన ఎండుమిర్చి పొడి పొట్లాలు ఓ నలభై (ఇవి ఎవరు తింటారు, ఎప్పుడు తింటారు?), పెద్దదాని నెయిల్ పాలిష్, తెరిచిన నెలలోపే వాడెయ్యమని రాసి ఉండి, కిందటి దీపావళికి తెరిచిన కంటి చుక్కల సీసా.

ఇక ఆ మంచు సంగతి. నీది పాత డిజైను, ఫ్రాస్ట్ ఫ్రీ కాదు. తలుపు తీసిన ప్రతిసారీ తేమ లోపలికి వచ్చి ఫ్రీజర్ గోడలకి పట్టుకుని గడ్డకడుతుంది. మా ఇంట్లో తలుపు ఎందుకు తీస్తారో నీకు తెలుసు. ఆకలేసి కాదు, ఏం తోచక. చిన్నోడు తలుపు తెరిచి అయిదు నిమిషాలు సినిమా చూసినట్టు చూసి, ఏమీ తీసుకోకుండా మూసేస్తాడు. దానికి తోడు పొగలు కక్కే సాంబారు. ఫ్రీజర్ గుహలా అయిపోయి, అందులో మంచినీళ్ళ సీసా ఒకటి శాశ్వతంగా సమాధి అయ్యాక, రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని దిగాను. నాబ్ మధ్యలో ఒక బటన్ ఉందనీ, అది నొక్కి వదిలేస్తే మంచు దానంతటదే కరిగి, మళ్ళీ నువ్వే ఆన్ అవుతావనీ మా ఆవిడ చెబుతూనే ఉంది. మగవాడిని, చేతిలో పనిముట్టు ఉంది, ఎందుకు వింటాను? నాలుగో పోటుకి 'స్స్స్' అంది. పాము బుసలాగా. ఆ ఫ్రీజర్ గోడల్లోనే గ్యాసు తిరిగే సన్న గొట్టాలుంటాయట. మెకానిక్ వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి చూసి, నా వైపు కాకుండా మా ఆవిడ వైపు తిరిగి "ఎవరు పొడిచారమ్మా?" అన్నాడు. మూడు వేల ఎనిమిది వందలు అయింది. ఆ నాలుగు రోజులూ నీలో ఉన్నవన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి, అప్పుడు చూశాం మేం, మా దగ్గర ఐదు అల్లం వెల్లుల్లి ముద్దలున్నాయని.

కూరగాయల పెట్టెతో మాత్రం ఈమధ్య కొంచెం రాజీ కుదిరింది. కొత్తిమీరని మార్కెట్ కవర్లోనే పడేస్తే చెమట పట్టి మూడో రోజుకి నల్లటి పసరు అవుతుంది, అదే వేళ్ళు కోసి, తడి ఆరనిచ్చి, పేపర్లో చుట్టి పెడితే వారం వస్తోంది. ఆపిల్ పళ్ళు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయట, పక్కనున్న ఆకుకూర దానికి పసుపెక్కిపోతుంది. అందుకని వాటిని విడదీశాం. అరటిపళ్ళు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు బయటే. బంగాళాదుంపలో పిండి చలికి చక్కెరగా మారుతుందని, వేయిస్తే అందుకే మాడుతుందని చదివి చెబితే అమ్మ "అందుకేనా నీ పెళ్ళాం వేపుడు అలా ఉండేది" అంది. ఈ వాక్యం నువ్వు విన్నావు, నేను విన్నాను, అదృష్టవశాత్తూ వేరెవరూ వినలేదు.

ఇక ఆఖరి ప్రయోగం. డబ్బాలూ పేర్లూ వదిలేసి, పైఅరలో కళ్ళకి ఎదురుగా ఒకే ఒక్క పళ్ళెం పెట్టాను. మిగిలినవన్నీ అందులోకే, ప్రతి గిన్నె మీదా తెల్ల టేపు ముక్క, దాని మీద వండిన తేదీ. కొత్తది వండే ముందు అందరూ ఆ పళ్ళెం చూడాలి, అదీ రూలు. పనిచేస్తోంది, ఒప్పుకోవాలి. అయిదారు వారాలుగా నీలో గడువు దాటిన గిన్నె దొరకలేదు. కాకపోతే ఆ పళ్ళేన్ని చూసేది నేనొక్కడినే. సోమవారం రాత్రి పులిహోర, శనివారం టమాటా పప్పు, అర వడ, పిల్లలు వదిలేసిన నూడుల్స్ కలిపి తిన్నాను. ఇంట్లో దాన్ని 'నాన్న పళ్ళెం' అంటున్నారు. నిన్న అమ్మ నా వైపు కాసేపు జాలిగా చూసి, "మా ఊళ్ళో ఉండేదిరా నల్ల గేదె ఒకటి, ఏం పెట్టినా కాదనేది కాదు" అంది.

ఉంటాను మరి.

ఇట్లు,
నీ కరెంటు బిల్లు కట్టేవాడు

తా.క.: కింది అరలో నీలం మూత డబ్బా ఖాళీగా ఎందుకుందని చిన్నోడు అడుగుతున్నాడు. అది పక్కింటి పిన్నిగారిది. సంక్రాంతికి అరిసెలు ఇచ్చారు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని మా ఆవిడ, అందులో ఏం పెట్టివ్వాలో తేలక అమ్మా, ఆరునెలలుగా దాన్ని కడిగి నీలోనే ఉంచారు. ఇంతలో బెల్ మోగింది. తలుపు తీస్తే ఆవిడే, చేతిలో ఇంకో డబ్బా. గోంగూర పచ్చడట.

కాస్త జరుగు.