పెట్టెలు వద్దు, ఉప్పు డబ్బా చాలు

మన సంఘం పిల్లల చేతిపనుల తరగతికి ఈసారి కూడా తయారు పెట్టెలు తెప్పిద్దామంటున్నారు. నేను వద్దంటున్నాను. అందులో గరుకు పూత డబ్బా ఉంటుంది, కత్తిరించిన ఆకారాలు ఉంటాయి, ఏది ఎక్కడ అంటించాలో చెప్పే కాగితం ఉంటుంది. గంట తిరిగేసరికి పిల్లలందరి చేతుల్లో ఒకే నెమలి. ఏ పిల్ల చేసినదో తల్లి కూడా పోల్చుకోలేదు.

పోయిన వేసవిలో తిరుపతిలో మా అమ్మ ఇంట్లో ఉన్నప్పుడు, మా అమ్మాయి డాబా మీద కూర్చుని శేషాచలం కొండ గీస్తోంది. ఎంత రంగు పూసినా రాతి గరుకు రావడం లేదు. "అవ్వా, గరగరలాడేది ఏదైనా ఇవ్వు" అని అడిగింది. మా అమ్మ రాళ్ల ఉప్పు, బొంబాయి రవ్వ, టెంకాయ పీచు తెచ్చి ముందు పెట్టి, "ఏం చేసుకుంటావో చేసుకో తల్లీ" అంది.

తడి రంగు మీద ఉప్పు చల్లితే ప్రతి రాయీ తన చుట్టూ ఉన్న నీటిని పీల్చుకుంటుంది. నీటితో పాటు రంగూ కదులుతుంది. పూర్తిగా ఆరాక ఉప్పు దులిపితే లేత నక్షత్రాల్లాంటి మచ్చలు మిగులుతాయి. నీళ్లు మరీ ఎక్కువైతే ఉప్పు కరిగిపోతుంది, ఆరిపోతే ఏమీ జరగదు. కాగితం మీద నీటి మెరుపు తగ్గుముఖం పట్టే ఆ కాసేపట్లోనే చల్లాలి. ఇది నేను చెప్పలేదు. నాలుగు కాగితాలు పాడుచేసి మా అమ్మాయే కనిపెట్టింది. ఐదోదానిమీద కొండ వచ్చింది.

జిగురులో కలిపిన రవ్వకు తెల్లారేసరికి చీమలు పట్టాయి. అప్పుడు జల్లించిన ఇసుక కలిపింది, అది నిలిచింది. కోడిగుడ్డు పెంకును కడిగి, లోపలి పొర తీసి, జిగురు మీద పెట్టి బొటనవేలితో నొక్కితే ఎండిన చెరువు నేలలా బీటలు వారింది. రకరకాల వస్తువులు కలిపి బొమ్మ చేయడం, అంటే మిక్స్‌డ్ మీడియా అని పెద్ద పేరు పెట్టుకున్న పనిలో సగం ఇదే.

తిరుపతి నుంచి కలంకారీకి పేరుపడ్డ శ్రీకాళహస్తికి ఎంతో దూరం లేదు, అమ్మాయిని తీసుకెళ్లాను. మన కలంకారీకి కావలసినవి చూడండి: కరక్కాయ, గేదెపాలు, పటిక, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు రెండు మూడు వారాలు నానబెడితే కసిమి తయారవుతుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డమీద వెదురు కలంతో ఆ కసిమి గీత గీస్తే, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు ఇనుముతో కలవడం వల్ల వచ్చే నలుపు అది. పాలలోని కొవ్వు రంగును పాకిపోకుండా పట్టి ఉంచుతుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారి కళకు పునాది ఈ సరుకులే. ఇంత వారసత్వం ఉన్నవాళ్లం గరుకు పూత కోసం డబ్బా కొనడం నాకు మింగుడు పడడం లేదు.

పెట్టెలైతే గది శుభ్రంగా ఉంటుంది, గంటలో పని ముగుస్తుంది, ప్రతి పిల్లా ఏదో ఒకటి ఇంటికి తీసుకెళ్తుంది అన్నది నిర్వాహకుల మాట. అందులో నిజముంది. అందుకే తరగతిని రెండు వారాలకు విడదీద్దామంటున్నాను. మొదటి వారం బొమ్మ ఏదీ చేయరు, అట్టముక్కల మీద ప్రయోగాలే. పాడైనవాటిని పారేయరు, వెనకాల ఏం కలిపారో రాసుకుంటారు. రెండో వారం బొమ్మ.

తినే వస్తువులతో ఆటలేమిటని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. అన్నం పరబ్రహ్మమని పెరిగినదాన్ని, ఆ బాధ నాకూ తెలుసు. పురుగు పట్టిన పిండి, ఫిల్టరులో మిగిలిన కాఫీ పిప్పి ఎండబెట్టినది, గుడ్డు పెంకులు, ఉల్లిపొట్టు, పాత నూలు గుడ్డ. ఎలాగూ చెత్తలోకి పోయేవే తెద్దాం. ఉప్పు ఒక్కటే కొత్తది, అదీ పిడికెడు.

పాడైన ఆ నాలుగు కాగితాలూ, కొండ వచ్చిన ఐదోదీ మా ఇంటి గోడ మీద వరుసగా ఉన్నాయి. మొదటి తరగతికి వాటిని తెస్తాను. మీరు పిల్లలతో ఉప్పు పంపండి. మెత్తటిది కాదు, రాళ్ల ఉప్పు.