నాసిక్ దాకా ఎందుకు, నకిరేకల్ ఉంది కదా

వీకెండ్‌కు పొలాలు, ద్రాక్షతోటలు, వైన్ చేసే చోట్లు చూసి రమ్మని మహారాష్ట్రలోని నాసిక్ గురించి ఒక వ్యాసంలో బాగా రాశారు. కానీ హైదరాబాదోళ్లకు అంత దూరం ఎందుకండీ? పొద్దున ఐదింటికి విజయవాడ హైవే ఎక్కితే టిఫిన్ టైముకు నల్గొండ జిల్లా నకిరేకల్‌లో ఉంటారు. మాది ఆ పక్క ఊరే.

ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వస్తే బత్తాయి కోతలు చూడొచ్చు. ఒక్కటే మనవి, కాయను పట్టి గుంజకండి. పోయినేడు మా బావ తోటకు సిటీ నుంచి వచ్చిన పిల్లలు సరదాగా గుంజితే తొడిమ దగ్గర తోలు ఊడొచ్చింది. అట్లాంటి కాయ రెండు మూడు రోజుల్లో కుళ్లుతది, గంపలో పక్క కాయల్నీ చెడగొడతది. కత్తెరతో తొడిమ కాడికి కోయాలె.

ఇక మా వైన్ అంటే తాటికల్లే! లొట్టి (కల్లు పట్టే కుండ) లోపల సున్నం పూసి, తెల్లారకముందే దించితే అది నీరా, తియ్యగా ఉంటది. సున్నం లేని లొట్టిలోది ఎండెక్కేకొద్దీ పులిసి నురుగొస్తది. కల్లు గీసే గౌడన్న మోకు (తాడు) నడుముకు వేసుకొని చెట్టెక్కడం చూస్తుంటే మెడ నొప్పి పుడతది గానీ చూపు తిప్పబుద్ధి కాదు. తాటిరేకలో (తాటాకు దొప్పలో) పోయించుకొని తాగితేనే రుచి, ప్లాస్టిక్ గ్లాసులు తేకండి.

బండి నడిపేటోళ్లు మాత్రం బత్తాయి రసంతో సరిపెట్టుకోండి.