పైన పటారం, లోన లొటారం: మా ఓవెన్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఓవెన్ గారి దివ్య సముఖానికి,

ఉభయ కుశలోపరి. ఒకే వంటింట్లో పట్టుమని నాలుగడుగుల దూరంలో ఉండి ఉత్తరం రాయడమేమిటని విస్తుపోకండి. ఎదురుగా నిలబడి మాట్లాడదామంటే మీ తలుపు తెరవాలి, తెరిస్తే లోపలికి చూడాలి. ఇన్నాళ్ళూ ఆ ఒక్క పనీ చేయకుండా నెట్టుకొచ్చాను. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమంగా లేరని మొన్న సాయంత్రం పొగ అలారం చెప్పింది.

అదెలా మోగిందో మీకు తెలుసు. 200 డిగ్రీలకు తిప్పి, మీరు వేడెక్కేదాకా ఆగుదామని కూర్చున్నాను. లోపల ట్రే లేదు, గిన్నె లేదు. వండాల్సింది ఇంకా బల్ల మీదే ఉంది. పావుగంట తిరక్కుండానే మీ తలుపు సందుల్లోంచి నీలంపొగ బయల్దేరింది. నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో అలారానికి విసురుతుంటే ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చి "ఏం మాడ్చావు?" అన్నారు. ఏమీ పెట్టలేదంటే ఒక్కరూ నమ్మలేదు. ఖాళీ ఓవెన్‌లో మాడ్చడం నా వంట చరిత్రలో కూడా కొత్తే.

బయటి నుంచి చూస్తే మీ అంత మర్యాదస్తులు లేరు. పిడి తళతళలాడుతుంది, బటన్లు మెరుస్తాయి. వారానికోసారి ఆ ముఖం తుడిచేది నేనే, ఒప్పుకుంటాను. పైన పటారం, లోన లొటారం అన్న మాట మీకు తగులుతుందా, నాకు తగులుతుందా తేల్చుకుందామని ఆ రాత్రే టార్చిలైటు పట్టుకుని పంచనామా మొదలుపెట్టాను.

అడుగున ఎడమ మూల, ఎప్పుడో పొంగిపోయిన చక్కెర పాకం. బొగ్గుకీ గాజుకీ పుట్టిన బిడ్డలా నల్లగా నిగనిగలాడుతోంది. పక్క గోడల మీద నూనె చారలు, చెట్టు బంక రంగులో. పైకప్పు నిండా చుక్కలు. అంత ఎత్తుకి నూనె ఎలా ఎగిరిందని నన్నడక్కండి, తలుపు మూశాక లోపల ఉన్నది మీరు. తలుపు అద్దం గోధుమరంగుకి తిరిగింది. అది పుట్టుకతోనే ఆ రంగని కొన్నేళ్ళుగా మా నమ్మకం. ఇక బల్బు వెలుగుతోందో లేదో కూడా తెలియదు. దాని ఆయుష్షు తీరిందని తీర్మానించి కొత్తది కొని, సొరుగులో పెట్టి, ఆరు నెలలైంది. ఈ పనులన్నీ ఎవరివని ఇంట్లో వాకబు చేస్తే అందరికీ ఒకేసారి ఫోన్లు వచ్చాయి. తిలాపాపం తలా పిడికెడు.

మర్నాడు పొద్దున్నే గిన్నెలు తోమే సబ్బు, స్పాంజి పట్టుకుని మీ ముందు మోకరిల్లాను. అరగంట రుద్దాక స్పాంజి నల్లబడింది, మీరు మాత్రం మునుపటి కంటే నునుపుగా మెరిశారు. అంటే ఇన్నేళ్ళ మురికికి నేను పాలిష్ పట్టానన్నమాట.

తర్వాత తెలిసింది, నేను జిడ్డనుకున్నది జిడ్డు కాదు. నూనె పదేపదే కాగితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, దాని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి. చిత్రకారులు వాడే అవిసె నూనె రంగు కాన్వాసు మీద గట్టిపడేదీ ఈ పద్ధతిలోనే. కాకపోతే అక్కడ రోజులు, వారాలు పడుతుంది. మీరు ఆ పని ఒక్క పూటలో ముగిస్తారు. అందుకే సబ్బు చేతులెత్తేసింది. నూనె ఉంటే సబ్బు లాక్కుపోతుంది, అక్కడున్నది వార్నిష్. తమాషా ఏమిటంటే, ఇనప పెనానికి మనమే నూనె రాసి, కాల్చి, మళ్ళీ రాసి, కాల్చి ఇదే పూత పెంచుకుంటాం. దానికి సీజనింగ్ అని ముద్దుపేరు పెట్టి నలుగురికీ చూపించి మురుస్తాం. మీరు అదే పని అడక్కుండా, ఉచితంగా, నాలుగు గోడలకూ చేసిపెడితే మురికి అంటున్నాం. ఈ ఒక్క విషయంలో మీకు అన్యాయం జరిగింది.

సబ్బు ఓడిపోయాక స్టీలు పీచు చేతికొచ్చింది. అదృష్టం బాగుండి మొదటి గీతకే నా చెయ్యి ఆగింది. మీ లోపలి గోడల మీదున్నది పెయింటు కాదు, ఎనామెల్. గాజుపొడిని ఉక్కురేకు మీద దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. దాన్ని గీకితే మురికి పోదు సరికదా, వచ్చేసారి మురికి పట్టుకుని వేలాడడానికి గాడి దొరుకుతుంది. తలుపు అద్దం సంగతి ఇంకా సున్నితం. గీతలు పడ్డ అద్దం ఎప్పుడో ఒక రోజు వేడి మీదుండగా భళ్ళున పగలొచ్చు. ఆ ఒక్క గీత కుడిగోడ మీద మిగిలిపోయింది. క్షమించండి.

ఇక అసలు ప్రహసనానికి వస్తాను. వంటసోడా చల్లి దాని మీద వెనిగర్ పోస్తే ఎంతటి ఓవెనైనా దారికొస్తుందని లోకమంతా కోడై కూస్తుంటే నేనూ నమ్మాను. చల్లాను, పోశాను. అబ్బ, ఏం నురగ! ఏం బుసబుస! స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌లో మట్టి అగ్నిపర్వతం పేలినట్టు మీ అడుగంతా పొంగింది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. "పని చేస్తోంది, పని చేస్తోంది" అన్నారు. నేనూ సగర్వంగా రెండడుగులు వెనక్కి వేసి నడుం మీద చేతులు పెట్టుకున్నాను. నిమిషంలో నురగ చల్లారింది. లోపల చూస్తే మునుపటి మురికే, కాకపోతే ఇప్పుడు తడిసి ఉంది.

సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ పైకి పోతుంది, అదే ఆ బుసబుస. అడుగున మిగిలేవి నీళ్ళు, సోడియం అసిటేట్ అనే ఒక ఉప్పు. నేను ఆ పూటంతా చెమటలు కక్కుతూ మీకు పట్టించింది ఉప్పునీళ్ళు. ఇద్దరు కూలీలను మాట్లాడి తెచ్చి, గుమ్మంలోనే వాళ్ళు కొట్టుకుంటే చప్పట్లు కొట్టి, ఇద్దరికీ కూలి ఇచ్చి పంపినట్టయింది. ఆ హడావుడిలో మీరు కనుబొమ్మ కూడా ఎగరేయలేదు. ఇంతకుముందు ఎందరి ఆరంభశూరత్వం చూశారో.

సోడా విడిగా ఉంటేనే పని చేస్తుంది. కాకపోతే దాని పనిలో చూడ్డానికేమీ ఉండదు. కొంచెం నీళ్ళతో గట్టి ముద్దలా కలిపి, కరెంటు తీసేసి, మీరు పూర్తిగా చల్లారాక, వేడిచేసే కడ్డీలకు తగలకుండా గోడలకు మెత్తాలి. మెత్తి, వెళ్ళి పడుకోవాలి. అంతే. నురగ లేదు, చప్పుడు లేదు, చూసి చప్పట్లు కొట్టేందుకు జనం లేరు. పీహెచ్ 8 కి కాస్త పైన ఉండే నీరసం క్షారం అది. పదీ పన్నెండు గంటలు తడిగా అంటుకుని ఉంటే ఆ వార్నిష్ కొంత మెత్తబడుతుంది. పైగా దాని పలుకు మెత్తన, ఎనామెల్‌ని గీకదు. వెనిగర్ రావాల్సింది మర్నాడు, అంతా తుడిచాక, సోడా వదిలిన తెల్లటి పొడ పోగొట్టడానికి. అంటే విస్తళ్ళు ఎత్తాక రావాల్సిన మనిషిని నేను మొదటి వరసలో కూర్చోబెట్టాను.

ఒక్క రాత్రికి లొంగే రకం కాదు మీరు, తెలుసు. అందుకే ఒకవైపు కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్ డబ్బా కూడా తెచ్చి పెట్టుకున్నాను. కొవ్వుకి కాస్టిక్ తగిలితే సబ్బవుతుంది, సబ్బు తయారుచేసే పద్ధతే అది. మా ఇంటి పాపాలు మీ గోడల మీదే సబ్బుగా మారి, వాటంతటవే కడుక్కుపోతాయన్న ఊహ నాకు బాగా నచ్చింది. డబ్బా వెనక అచ్చేసిన హెచ్చరికలు అంతగా నచ్చలేదు. పీహెచ్ 13 పైచిలుకు. దానికి మీ మురికీ నా చేతి చర్మమూ ఒకటే. కళ్ళజోడు, మోచేతుల దాకా గ్లోవ్స్, తెరిచిన కిటికీలు తప్పనిసరి. అల్యూమినియాన్ని తినేస్తుంది. తమను తాము శుభ్రం చేసుకునే ఓవెన్ల లోపల వాడొద్దని వాటి మాన్యువల్స్ మొత్తుకుంటాయి. ఇది చాలదన్నట్టు ఒక తెలివైన బంధువు ఫోన్ చేసి, "ఇంట్లో ఉన్నవన్నీ కలిపి కొట్టు, దెబ్బకి పోతుంది" అని సలహా ఇచ్చారు. బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అమోనియా కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. దెబ్బకి పోయేది మురికి కాదు, నేను. ఫోన్ పెట్టేసి, డబ్బాని పై అరలోకి ఎక్కించాను.

మీ వంశంలోనే తమంతట తాము శుద్ధి చేసుకునేవారున్నారట. 1963 లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆ విద్యను అమ్మకానికి పెట్టింది. తలుపు తాళం పడుతుంది, లోపల వేడి 480 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది, కొన్ని గంటలపాటు అగ్నిప్రవేశం. బయటికొచ్చేసరికి పిడికెడు బూడిద. విని అసూయపడ్డాను. తర్వాత షరతులు విన్నాను. ర్యాకులు బయట పెట్టాలి, లేకపోతే మెరుపు పోతుంది. నాన్‌స్టిక్ సామాను లోపల మర్చిపోతే అది వదిలే ఆవిరికి పంజరంలో పెంచుకునే పక్షులు చచ్చిపోతాయి. మురికి మరీ ఎక్కువుంటే ఇల్లంతా పొగ చుట్టేస్తుంది కాబట్టి ముందుగా పెద్ద పెద్ద పెళ్ళలు చేత్తో తీసేయాలి. తనను తాను శుభ్రం చేసుకునే ఓవెన్‌ని ముందు మనం శుభ్రం చేసి ఇవ్వాలన్నమాట. మీరు ఉన్నదున్నట్టు ఉంటారు, ఆ డాంబికం లేదు.

ఫాయిల్ సంగతి కూడా ఇక్కడే ఒప్పేసుకుంటాను. ఆ పాకం పొంగిన మర్నాడు, ఇక మీద కారితే కష్టమని మీ అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, నేను పట్టుకున్నవీ ఆకులే, అల్యూమినియం ఆకులు. అడుగున కడ్డీ ఉండే మీలాంటివారికి ఫాయిల్ వేస్తే వేడి కింద చిక్కుకుంటుంది, ఫాయిల్ ఎనామెల్‌కి అతుక్కుపోతుంది. ముందువైపు కనబడే ఆ వెండి మచ్చ అదే. అది సోడాకి పోదు, వెనిగర్‌కి పోదు. దాని గురించి ఇక మాట్లాడుకోవద్దు.

ఆ రాత్రి ర్యాకులు స్నానాల తొట్టిలో పడుకున్నాయి. కింద పాత తువ్వాలు, పైన వేడినీళ్ళు, గుప్పెడు డిటర్జెంట్. రాజభోగం. నాకు మాత్రం స్నానానికి తొట్టి లేదు.

తెల్లవారాక అసలు పని. తల లోపల, నడుం బయట, మోకాళ్ళ కింద దిండు. ఎండిన సోడా ముద్ద గోధుమరంగు తిరిగి పెచ్చులుగా ఊడి వస్తుంటే, పైకప్పు మీది చుక్కలు కరిగి తిన్నగా నా మెడ మీద పడ్డాయి. పాత చొక్కాలు నాలుగు, నీళ్ళు తొమ్మిది బకెట్లు. మొత్తం మూడు రాత్రులు, మూడు విడతలు. పక్కగోడలు మొదటి రోజే దిగొచ్చాయి. అద్దం రెండో రోజుకి. చక్కెర పాకానిది మాత్రం ఉడుంపట్టు. పూర్తిగా బొగ్గయిపోయినదాన్ని ఏ సోడా కరిగించలేదు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ గంటసేపు దాని మీద పెట్టి, ప్లాస్టిక్ గీకుడుపుల్లతో అంచు నుంచి నెమ్మదిగా లేపాలి. మూడోనాడు మధ్యాహ్నం అది టప్పున, ఒక్క ముక్కగా ఊడొచ్చింది. అంత తృప్తి ఈమధ్య దేనికీ కలగలేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను. ఆ ముక్కను ఇంట్లో అందరికీ తిప్పి చూపించాను. మళ్ళీ అందరికీ ఫోన్లు వచ్చాయి.

చివరికి బల్బు మీది గాజుమూత విప్పి సబ్బుతో కడిగి బిగించి, కరెంటు ఇచ్చాను. వంటిల్లంతా పరుచుకునేంత వెలుగు! పాత బల్బుకి ఏ జబ్బూ లేదు. ఆరు నెలలుగా వెలుగుతూనే ఉంది, దాని మొర వినే దారి లేక.

ఆ వెలుగులో మీ తలుపు అద్దం కూడా తేటగా కనబడింది. నిజానికి అవి రెండు అద్దాలు. ఆ రెండింటి మధ్య, లోపలి నుంచీ వేలు అందని, బయటి నుంచీ వేలు అందని చోట, పై అంచు నుంచి కింది దాకా ఒక నూనె చార.

ఇట్లు,
మోకాళ్ళు పట్టేసిన మీ విధేయ సేవక జనం తరఫున, ఒక్కరు

తా.క.: తలుపు ఊడదీస్తే ఆ చార దాకా చెయ్యి వెళ్తుందట. ఎలా ఊడదీయాలో మాన్యువల్‌లో ఉంటుందని మీ కింది సొరుగంతా వెతికాను. దొరికింది. అన్ని పేజీలూ బాగానే ఉన్నాయి. "శుభ్రపరచుట" అన్న పేజీలు నాలుగూ మాత్రం నూనె కారి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.