దుంప మానేసి ఆరెంజ్ జ్యూస్ తాగమంటున్న ఆ మెసేజ్ గురించి

చుట్టాల గ్రూపు, కాలనీ గ్రూపు, ఆఖరికి ఆఫీసు గ్రూపు, ఎక్కడ చూసినా అదే ఫార్వర్డ్. బంగాళాదుంపలో పిండి తప్ప ఇంకేమీ లేదట, తింటే లావెక్కుతారట. దాని బదులు రోజూ పరగడుపున గ్లాసుడు ఆరెంజ్ జ్యూస్ తాగాలట, అందులో ఉన్నది సహజమైన చక్కెర కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకూ పర్వాలేదట, పైగా కిడ్నీలను కడిగేస్తుందట. రెండూ ఒకే పూట తీసుకుంటే విషమట. పంపుతున్నవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే, అందుకే ఓపిగ్గా రాస్తున్నా.

విషం సంగతి వదిలేయండి, దానికి ఏ ఆధారమూ లేదు.

పిండి తప్ప ఏమీ లేదన్నది అబద్ధం. 100 గ్రాముల పచ్చి దుంపలో సుమారు 77 కేలరీలు, 2 గ్రాముల ప్రొటీన్, 2 గ్రాముల పీచు, 20 మిల్లీగ్రాముల సి విటమిన్, 400 మిల్లీగ్రాముల పైన పొటాషియం, కాస్త బి6 ఉంటాయి. అంతే జ్యూస్‌లో 45 కేలరీలు, పీచు దాదాపు లేనట్టే, పొటాషియం 200. సి విటమిన్‌లో మాత్రం జ్యూస్‌దే పైచేయి, 50 దాకా ఉంటుంది, దుంప ఉడికితే ఉన్న 20 కూడా తగ్గుతుంది. ఇక లావు అంటారా, చిప్స్‌లో నూనెను వదిలేసి దుంపను తిడితే ఎలా?

షుగర్ మాట. 250 మిల్లీలీటర్ల గ్లాసులో 20 గ్రాముల పైనే చక్కెర, అంటే ఐదు చెంచాలు. బండి దగ్గర బత్తాయి జ్యూస్‌లో వాళ్లు వేసే చక్కెర దీనికి అదనం. షుగర్ డౌనై చెమటలు పడుతున్న మనిషికి వెంటనే అర గ్లాసు జ్యూస్ తాగిస్తారే, ఎందుకు? గబగబా పెంచుతుంది కాబట్టే. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఉడికిన వేడి దుంప గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, జ్యూస్ కన్నా ఎక్కువే. షుగర్ ఉన్నవాళ్లు అన్నంలో దుంప కూర కలుపుకుంటే ఆ పూట అన్నం తగ్గించుకోవాల్సిందే.

నాకు నిజంగా ఒళ్లు మండేది కిడ్నీల మాట దగ్గర. నిమ్మజాతి పళ్లలోని సిట్రేట్ కొన్ని రకాల రాళ్లు రాకుండా సాయపడుతుంది, అది నిజం. కానీ రాళ్లు వేరు, కిడ్నీలు దెబ్బతినడం వేరు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు, అది రక్తంలో పేరుకుంటుంది. ముందుగా ఏ నొప్పీ, ఏ సూచనా లేకుండానే గుండె లయ తప్పొచ్చు, ఆగిపోనూ వచ్చు. డయాలసిస్‌లో ఉన్న చాలామందికి రోజు మొత్తానికి 2, 3 గ్రాముల పొటాషియం దాటొద్దంటారు. పెద్ద గ్లాసు జ్యూస్‌లోనే అర గ్రాము పోతుంది, తాగే నీళ్లకు కూడా లెక్క ఉన్న మనిషికి అది ద్రవం లెక్కలోకీ వస్తుంది. దుంపలోనూ పొటాషియం ఎక్కువే, కాదనను. కానీ తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, బోలెడు నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే దాదాపు సగం పోతుంది, డైటీషియన్లు చెప్పేది ఇదే. జ్యూస్‌లోంచి పొటాషియం తీసేసే ఉపాయం వంటింట్లో లేదు. ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లు కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్న రాష్ట్రంలో ‘జ్యూస్ కిడ్నీలను కడుగుతుంది’ అని పంపడానికి చెయ్యెలా వస్తుంది?

ఈ మెసేజ్ మీరు ఇప్పటికే పంపేసి ఉంటే, మీ గ్రూపులో కిడ్నీ జబ్బుతోనో, డయాలసిస్‌లోనో ఎవరున్నారో మీకు తెలుసు. వాళ్లకు ఇవాళే ఫోన్ చేయండి. డాక్టర్ని అడిగేదాకా ఆ జ్యూస్ ముట్టొద్దని చెప్పండి.